మామ చేతిలోని నల్ల అట్టలు

పోయిన నెల చిత్తూరులో మా చిన్నాయన పెద్దకర్మకు వెళ్లాను. హాల్లో బల్ల మీద ఆయన ఫోటో పెట్టి దండ వేశారు. దండం పెట్టుకోబోయి ఆగిపోయాను. బతికినన్నాళ్లూ బక్కపలచగా, కోల ముఖంతో తిరిగిన మనిషి ఆ పటంలో బుగ్గలు పొంగి, మెడ పొట్టిదై, భుజాలు ఇటూ అటూ పరుచుకుని కూర్చున్నాడు. "ఆఖర్లో ఒళ్లు చేశాడా ఏమిటి?" అని వెనకనుంచి ఒకావిడ పక్కనున్నామెను అడగడం వినిపించింది.

ఒళ్లేమీ చేయలేదు. ఫోనులో నిలువుగా తీసిన సన్నటి ఫోటో అది. దాన్ని 12×15 అంగుళాల ఫ్రేములో నిండుగా పట్టించడానికి ఎవరో కంప్యూటర్‌లో అడ్డంగా లాగేశారు. ఆ ఫోటో వెడల్పు 9 పాళ్లయితే ఎత్తు 16. ఫ్రేముదేమో 4కు 5. ఎత్తును అలాగే ఉంచి వెడల్పు నింపాలంటే ముఖం దాదాపు ఒకటిన్నర రెట్లు సాగాల్సిందే. తల పైన ఉన్న గోడనూ నడుము కింద ఉన్న పంచెనూ కాస్త కత్తిరించి ఉంటే చిన్నాయన చిన్నాయనలాగే ఉండేవాడు. కానీ కర్మ జరుగుతున్న ఇంట్లో ఇవన్నీ మాట్లాడటం పద్ధతి కాదు. నోరు మూసుకుని వెళ్లి భోజనాల వరసలో కూర్చున్నాను.

తిరుగు బస్సు కాణిపాకం దారి మళ్లే చోటు దాటకముందే మామ గుర్తుకొచ్చాడు. ఆయనే ఉంటే ఆ పటాన్ని అందరి ముందే గోడవైపు తిప్పి పెట్టేవాడు. మామకు పద్ధతులు పట్టవు, కొలతలు పట్టేవి.

*

మా మేనమామ స్టూడియో తిరుపతిలో గాంధీ రోడ్డును ఆనుకున్న ఒక సందులో ఉండేది. ముందు గదిలో అద్దాల షోకేసు, ఒక బెంచీ, గోడకు దువ్వెనా పౌడరు డబ్బా పెట్టిన అద్దం. వెనక గదిలో లైట్లు, తెరలు. ఆ వెనక, మెట్ల కింద మిగిలిన చోటులో చీకటిగది. వేసవి సెలవులు ఇవ్వగానే మా అమ్మ నన్ను అక్కడ దించేసేది. ఇంటి దగ్గర అల్లరి తగ్గుతుందని ఆమె లెక్క, జీతం లేని పనివాడు దొరికాడని మామ లెక్క.

చీకటిగదికి అధిపతి మొదలియార్ తాత. ఎర్ర బల్బు వెలుగులో ఆయన తెల్ల మీసం కూడా ఎర్రగా కనిపించేది. మూడు ట్రేలు వరసగా ఉండేవి. మొదటిది బొమ్మను తేల్చే డెవలపర్, మధ్యలో దాన్ని ఆపే ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, చివరిది బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో. ఆ మధ్య ట్రే నుంచి వచ్చే పుల్లటి ఘాటు రాత్రి అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా వేళ్ల మీద ఉండేది. నెగటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్ దీపం వేసి తాత తమిళంలో లెక్కపెట్టేవాడు: "ఒణ్ణు, రెండు, మూణు, నాలు..." ఏడు దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పైకి లేచేది, దీపం ఆరిపోయేది. నాకు తమిళ అంకెలు వచ్చింది అలాగే. పన్నెండు దాటి ఇప్పటికీ సరిగా రావు. అంతకంటే ఎక్కువ సేపు వెలుగు తాగే నెగటివ్ ఆయన చేతికి అరుదుగా వచ్చేది.

నా పని కాగితం కోయడం. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' కాగితం పెట్టెల్లో వచ్చేది. ఎర్ర దీపం కిందే కట్టర్ మీద పెట్టి, కావలసిన కొలతకు ముక్కలు చేయాలి. ఫుల్ ప్లేటు అంటే ఆరున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. దాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కోస్తే నాలుగు క్వార్టర్ ప్లేట్లు వస్తాయి, ఒక్కొక్కటి మూడుంబావు బై నాలుగుంబావు. అంతవరకూ లెక్క సరిగానే ఉంది. కానీ హాఫ్ ప్లేటు మాత్రం సగం కాదు. నాలుగుంబావు ఉండాల్సిన చోట నాలుగుముప్పావు ఉంటుంది. ఎందుకని తాతను అడిగితే "తెల్లవాడిని అడుగు" అన్నాడు.

అక్కడే నాకు మొదటి తిక్క పట్టుకుంది. చిన్న ఫోటోను పెద్దది చేస్తే అదే ఫోటో పెద్దగా వస్తుందని కదా ఎవరైనా అనుకునేది. 8×10, 12×15 రెండింటిలోనూ ఒడ్డుకూ పొడుగుకూ ఒకే పాళ్లు, 4కు 5. ఒకదానిలో పట్టిన బొమ్మ రెండోదానిలోనూ అచ్చంగా పడుతుంది. మధ్యలో ఉన్న 10×12 మాత్రం వాటితో కలవదు. అది 5కు 6, కొంచెం బొద్దుగా ఉంటుంది. 8×10లో ఉన్న బొమ్మను నిండుగా అందులోకి తెస్తే తల మీదో కాళ్ల దగ్గరో అరంగుళం పోతుంది. బేరం మాట్లాడుకుని "ఇంకో సైజు పెద్దది చెయ్యండి" అని వెళ్లినవాళ్లకు ఆ అరంగుళం సంగతి తెలియదు. మామకు తెలుసు. అందుకే రసీదు రాసేటప్పుడే "ఏ పటంలో కట్టిస్తారు?" అని అడిగేవాడు. ఫోటో తీయకముందే పటం గురించి అడిగే మనిషిని వాళ్లు వింతగా చూసేవారు.

"ముందు కాగితం, తర్వాత కెమెరా." ఈ మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవాడో.

*

ఆయన కెమెరా యాషికా మ్యాట్ 124జీ. రెండు కళ్లది, అంటే రెండు లెన్సులది. పై కంటితో చూడటం, కింది కంటితో తీయడం. మెడకు తగిలించుకుని, తల వంచి, పైనుంచి అద్దంలోకి చూడాలి. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. "అమ్మా, మీరు కుడికి" అని ఆయన అంటుంటే అద్దంలో ఆమె ఎడమకు జరిగేది. నేను చూస్తే కళ్లు తిరిగేవి.

దాని నెగటివ్ చదరం. 120 రకం ఫిల్ము మీద పేరుకు ఆరు బై ఆరు సెంటీమీటర్లు, నిజానికి 56 మిల్లీమీటర్లకు 56. రోలుకు పన్నెండు ఫోటోలు. చదరమే ఎందుకని అడిగితే మామ కెమెరాను నా మెడలో వేసి "పక్కకు తిప్పి చూడు" అన్నాడు. తిప్పితే అద్దం గోడవైపు వెళ్లిపోయింది, చూడటానికి నేను పక్కకు ఒరగాల్సి వచ్చింది, ఎదురుగా నిలబడ్డవాళ్లు ఎక్కడికో పోయారు. పైనుంచి చూసే కెమెరాతో నిలువు ఫోటో, అడ్డ ఫోటో అని తిప్పుకోవడం కుదరదు. అన్నీ చదరంలో పట్టేసి, నిలువో అడ్డమో తర్వాత చీకటిగదిలో తేల్చుకోవడమే.

కానీ చదరపు ఫోటో ఎవరికీ అక్కర్లేదు. కాగితాలు, పటాలు, ఆల్బమ్ పేజీలు అన్నీ పొడుగువే. చదరాన్ని 8×10 నిండా పరిస్తే నెగటివ్‌లో అయిదో వంతు వృథా. అందుకే మామ ఆ చూసే అద్దం మీద సన్న పెన్సిలుతో నాలుగు గీతలు గీసుకున్నాడు, నిలువుకు రెండు, అడ్డానికి రెండు. ఆ గీతల బయట ఉన్నది ఆయన దృష్టిలో లేనట్టే.

ఫిల్ము కడిగాక అసలు తంతు మొదలయ్యేది. నెగటివ్‌లను కాగితం మీద పరిచి అదే సైజులో ఒక ప్రింటు తీసేవారు. మామ సొరుగులోంచి రెండు నల్ల అట్టముక్కలు తీసేవాడు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా కత్తిరించినవి. కొసలు నలిగి, బొటనవేలు ఆనే చోట నలుపు పోయి గోధుమరంగు తేలాయి. లోపలి అంచుల మీద సూదితో గీసిన చిన్న గాట్లు ఉండేవి, క్యాబినెట్ సైజుకు ఒకటి, హాఫ్ ప్లేటుకు ఒకటి, 8×10కి ఒకటి. రెండింటినీ ఎదురెదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, ఫోటో మీద దగ్గరికీ దూరంగానూ జరుపుతూ ఉండేవాడు. ఒకే నెగటివ్‌లోంచి ఒకసారి నిలువుగా అమ్మా బిడ్డా, ఇంకోసారి అడ్డంగా మొత్తం కుటుంబం బయటికి వచ్చేవి. నచ్చిన చోట ఆపి, ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, చీకటిగదిలోకి పంపేవాడు. ఈమధ్య మా అన్నయ్య కూతురు ఫోను తెర మీద ఫోటో నాలుగు మూలలూ వేలితో లాగుతుంటే చూశాను. పని అదే, చేతికి అట్ట తగలదు, అంతే తేడా.

*

స్టూడియోకు అన్నం పెట్టింది కొండ దిగి వచ్చిన యాత్రికులు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, రైలు టైముకు రెండు మూడు గంటలు మిగిలితే స్టూడియోకు వచ్చేవారు. అందరివీ నున్నటి గుండ్లు, గంధం పూసి ఉండేవి. నలుపు తెలుపు ఫోటోలో ఎండిన గంధం మచ్చలు మచ్చలుగా పడేది. తుడిపిస్తే మరో చిక్కు, గుండు మీద లైటు బల్బు మెరిసిపోయేది. మామ గంధం తుడిపించి, పౌడరు అద్దించేవాడు. స్వామివారికి మొక్కు చెల్లించుకుని వచ్చిన పెద్దమనిషి నెత్తిన పౌడరు రాయడం నా పనుల్లో ఒకటి.

వెనక తెర మీద ఏడుకొండలు, మెట్లదారి, పైన గోపురం, కుడివైపు ఒక కొబ్బరిచెట్టు. కొండ మీద కొబ్బరిచెట్టు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఆ తెర వెడల్పు ఏడెనిమిది మంది నిలబడేంత. అంతకుమించి వస్తే చివరివాళ్ల వెనక గోడ సున్నం కనిపించేది. అప్పుడు మామ వరసను విరిచేవాడు. పెద్దవాళ్లకు కుర్చీలు, వెనక కొడుకులూ కోడళ్లూ, ముందు కింద పిల్లలు. మూడు వరసల్లో గుంపు ఎలాంటి కాగితంలోనైనా ఇముడుతుందనీ, ఒక్క వరస ఏ కాగితంలోనూ ఇమడదనీ ఆయన సిద్ధాంతం. ఒకే వరసలో నిలబెడితే మధ్యలో సన్నటి పట్టీలా మనుషులు, పైన కొండ, కింద చాప. "కొండ ఫోటోకు డబ్బులు ఇస్తారా?" అని విసుక్కునేవాడు.

గంగమ్మ జాతర వచ్చిందంటే లెక్క మారిపోయేది. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేసినవాళ్లు ఒళ్లంతా రంగులతో నేరుగా స్టూడియోలోకి వచ్చేవారు. చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకున్న మీసాల మగవాళ్లు వరసగా బెంచీ మీద కూర్చుని బీడీలు కాల్చుకునేవారు. వాళ్లకు ముఖం ఒక్కటే పడితే చాలదు, తలమీద పూల నుంచి కాళ్ల గజ్జెల దాకా రావాలి. నిలువెత్తు మనిషి అంటే సన్నటి ఫోటో. చదరంలో ఇరువైపులా బోలెడు ఖాళీ. అందుకని ఇద్దరిద్దరిని కలిపి నిలబెట్టి, తర్వాత నెగటివ్ మధ్యకు కోసినట్టు రెండు ప్రింట్లు తీసేవాడు. ఫిల్ము సగం మిగిలేది. మామ పిసినారి అని ఊరంతా అనేది, అది నిజమే.

*

తర్వాత రంగుల రోజులు వచ్చాయి. పెళ్లిళ్లకు చిన్న ఫిల్ము కెమెరా పట్టుకుని వెళ్లే కుర్రవాడొకడు స్టూడియోలో చేరాడు. రోలుకు ముప్ఫయ్యారు ఫోటోలు, కంటికి ఆనించుకుని చూడటం, నిలువుగా అడ్డంగా ఎలా కావాలంటే అలా తిప్పుకోవడం. మామ రోలుకు పన్నెండు సార్లు ఆలోచించేవాడు. ఆ కుర్రవాడు ముప్ఫయ్యారు సార్లు నొక్కేవాడు.

ఆ ఫిల్ము సినిమావాళ్లది. జర్మనీలో లైట్స్ కంపెనీలో పనిచేసిన ఓస్కార్ బర్నాక్, సినిమా కెమెరాలో నిలువుగా నడిచే ఆ ఫిల్మును చిన్న కెమెరాలో అడ్డంగా నడిపాడు. సినిమా బొమ్మ 18 మిల్లీమీటర్లకు 24. రెండు బొమ్మల చోటు కలిపి ఒక ఫోటోకు ఇచ్చాడు, 24కు 36. అదే 1925లో లైకా కెమెరాగా మార్కెట్లోకి వచ్చింది. 2కు 3 అనే ఆ కొలత అప్పటినుంచి చిన్న ఫిల్ము కెమెరాలన్నింటికీ పట్టుకుంది, ఫిల్ము పోయి సెన్సర్ వచ్చినా పెద్ద కెమెరాల్లో చాలావాటిని వదల్లేదు. ఇవన్నీ నేను చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నవి. అప్పట్లో మామ దాని గురించి చెప్పింది ఒక్కటే: "పొడుగెక్కువ. దీనికి తగ్గ పటం ఊళ్లో లేదు."

మాక్సీ సైజు, అంటే 4×6 ప్రింటు తీసినంతకాలం గొడవ లేదు. అదీ 2కు 3నే, నెగటివ్‌లో ఉన్నదంతా వస్తుంది. పెద్ద సైజు అడిగినప్పుడే వచ్చింది తంటా. మద్రాసులోని ఒక ల్యాబుకు బస్సులో రోలు పంపేవాళ్లం. ఒక పెళ్లి గ్రూపు ఫోటోను 8×10 చేయమని రాసి పంపాం. ఆ నెగటివ్‌ను నిండుగా చేస్తే 8×12 రావాలి. కాగితం 10 దగ్గరే అయిపోతుంది. పొడుగులో ఆరో వంతు పోవాల్సిందే. ల్యాబువాళ్లు మధ్యకు పెట్టి రెండు వైపులా సమానంగా నరికేశారు. కుర్రవాడు పెళ్లివారిని ఒకే వరసలో, చివరి మనిషి ఫిల్ము అంచుకు ఆనేలా నిలబెట్టి తీశాడు మరి. పన్నెండు మంది ఉన్న వరసలో చెరో చివర ఒకరు మాయం. ఒక చివర పెళ్లికూతురి పెదనాన్న, ఇంకో చివర పెళ్లికొడుకు అక్క. పెదనాన్న సర్దుకుపోయాడు. ఆడబిడ్డ సర్దుకోలేదు. భర్తను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చి, కావాలనే తీసేశారని, పెళ్లికూతురి తరఫువాళ్లు డబ్బులిచ్చి చేయించారని ఒకటే గొడవ. మామ నెగటివ్‌ను బల్బుకు ఎదురుగా పట్టి ఆమెను చూపించాడు. నీలి నలుపు ముఖం, నారింజ రంగు జుట్టుతో తనను చూసుకుని ఆమె ఇంకా మండిపడింది.

మళ్లీ ల్యాబుకు పంపి, పైనా కిందా తెల్ల అంచు వదిలేసి మొత్తం నెగటివ్ వచ్చేట్టు తీయించాడు. కుర్రవాడికి మాత్రం కొత్త ఆజ్ఞ జారీ అయింది. వరసకు అటూ ఇటూ ఒక మనిషి పట్టేంత గోడ వదలాలి. "ల్యాబువాడు నరికితే గోడను నరకాలి, ఆడబిడ్డను కాదు."

*

సాగదీసిన ముఖాలు నేను మొదట చూసింది స్టూడియోలో కాదు, సినిమా హాల్లో. సినిమాస్కోప్ 1953లో అమెరికాలో వచ్చింది. ఇళ్లలో టీవీల ముందు కూర్చున్న జనాన్ని హాళ్లకు రప్పించడానికి తెరను దాదాపు రెట్టింపు వెడల్పు చేశారు. మనకు 'అల్లూరి సీతారామరాజు'తో 1974లో తెలుగు సినిమాస్కోప్ మొదలైంది. ఫిల్ము మాత్రం పాతదే. కెమెరాకు ప్రత్యేకమైన లెన్సు బిగించి వెడల్పాటి దృశ్యాన్ని సగానికి నొక్కి ఆ ఫిల్ములో ఇరికించేవారు. హాల్లో ప్రొజెక్టరుకు ఇంకో లెన్సు పెట్టి మళ్లీ విప్పేవారు. ఆపరేటర్ ఆ లెన్సు పెట్టడం మరిచిపోయాడా, హీరో, గుర్రం, విలన్ అందరూ సన్నగా, పొడుగ్గా తాటిచెట్లలా లేచేవారు. నేల క్లాసు నుంచి ఈలలు, బెంచీల మీద దరువులు. ఆ జనంలో ఎవరికీ నిష్పత్తులు తెలియవు, మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలుసు.

టీవీలో అవే సినిమాలు వచ్చినప్పుడు ఇంకో వింత. అప్పటి టీవీ తెర ఎత్తు 3 పాళ్లయితే వెడల్పు 4. స్కోప్ సినిమాను అందులో నింపాలంటే రెండు పక్కలా కలిపి దాదాపు సగం బొమ్మ ఎగిరిపోయేది. తెర ఈ చివర నాయకుడు, ఆ చివర నాయిక నిలబడి మాట్లాడుకుంటుంటే మాకు మధ్యలో పూలకుండీ కనిపించేది, మాటలు వినిపించేవి. మామ టీవీ ముందు కూర్చుంటే ప్రశాంతంగా చూడనిచ్చేవాడు కాదు.

స్టూడియో చివరి రోజుల్లో మిగిలింది పాస్‌పోర్టు ఫోటోలే. 35 మిల్లీమీటర్లకు 45. ఒక 4×6 కాగితం మీద పైన నాలుగు, కింద నాలుగు చక్కగా కూర్చుంటాయి. మధ్యలో కత్తెర పోవడానికి చోటు కూడా మిగులుతుంది. మామ దృష్టిలో ఈ ప్రపంచంలో ఎవరో బుర్ర పెట్టి నిర్ణయించిన కొలత అదొక్కటే. మొదలియార్ తాత అప్పటికే లేడు. చీకటిగదిలో ఫోను కార్డుల అట్టపెట్టెలు పెట్టుకునేవాళ్లు.

*

అన్నింటికంటే నాకు బాగా గుర్తున్నది గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో తేరు రోజు. వైశాఖం ఎండ. మామ కెమెరా మెడలో వేసుకుని తెలిసినవాళ్ల మేడ ఎక్కాడు. ఫ్లాష్ సంచీ, నీళ్ల సీసా నా భుజాన. కింద వీధి నిండా జనం. గొడుగులు, నామాలు, తేరు మీదికి ఉప్పూ మిరియాలూ చల్లే చేతులు. మలుపు దగ్గర తేరు ఆగింది. చక్రాల కింద దిమ్మలు వేసేవాళ్ల కేకలు.

తేరు మేడలను మించి నిలువు. దాన్ని లాగే తాడు వీధంతా అడ్డం, దానికి అటూ ఇటూ వందల మంది. రెండూ కలిపి చదరంలో పట్టించాలంటే తేరు అగ్గిపెట్టెంత, మనుషులు చీమలంత అవుతారు. మామ అద్దంలోకి చూసి, తల ఎత్తి, మళ్లీ చూసి, నావైపు తిరిగాడు.

"తేరా, తాడా?"

"తేరు, మామా."

ఒక ఫోటో తేరుకు తీశాడు. మిగిలిన రోలంతా తాడుకు తీశాడు. నాకు అప్పుడు కోపం వచ్చింది. స్వామిని వదిలేసి జనాన్ని తీస్తాడేమిటని.

మర్నాడు తాడు ఫోటోలను పొడుగ్గా కోసి షోకేసులో వరసగా అతికించాడు. పక్కనే తేరు ఫోటో నిలువుగా పెట్టాడు. సాయంత్రానికి అంగడి ముందు గుంపు. తాడు లాగినవాళ్లు, వాళ్ల పెళ్లాలు, పిల్లలు. అద్దం మీద వేలు పెట్టి "ఇదిగో నేను, తలపాగా కట్టుకున్నది" అని ఒకరు, "నా చెయ్యి ఒక్కటే పడింది, ముఖం పడలేదు" అని ఒకరు. తేరు ఫోటోను ఒక్కడూ అడగలేదు. స్వామివారి పటం ఎవరింట్లో లేదు?

ఆ రాత్రి అంగడి మూసే వేళకు ఒక నడివయసు మనిషి వచ్చాడు. తాడు పట్టుకున్నవాళ్లలో తాను బాగా పడ్డాడు, కానీ పక్కనే భుజం ఆనించి వాళ్ల తమ్ముడు ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో ఇద్దరికీ మాటల్లేవు. తేరు దగ్గర ఎలా పక్కపక్కన పడ్డారో తెలియదు. "వాడు లేకుండా ఇవ్వగలరా?" అని అడిగాడు.

మామ సొరుగు లాగి నల్ల అట్టలు తీశాడు. జరిపి జరిపి చూశాడు. తమ్ముడిని తీసేస్తే అన్నకు సగం భుజం పోతోంది, పైగా కాగితం ఏ సైజుకూ రాదు. చివరకు నిలువుగా క్వార్టర్ ప్లేటులో ఇరికించి ఇచ్చాడు. కోసినందుకు అర్ధరూపాయి ఎక్కువ తీసుకున్నాడు. వారం తిరక్కముందే తమ్ముడు వచ్చి అన్న లేకుండా ఒకటి అడిగితే, అతని దగ్గరా అంతే తీసుకున్నాడు.